పెదాలు అతుక్కునే రామెన్

ఇవాళ మంగళవారం. ప్రత్యేకంగా ఏం జరగలేదు, కానీ రాత్రి తిన్న రామెన్ (సూప్‌లో నూడుల్స్ వేసిచ్చే జపాన్ వంటకం) గురించి రాసుకోకుండా పడుకోబుద్ధి కావట్లేదు.

నవంబర్ నెలాఖరు కదా, సియాటిల్ వైపు సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది, అమెరికాలో చలికాలానికని గడియారాలు గంట వెనక్కి తిప్పిన దగ్గర్నుంచి మరీను. మూడు రోజులుగా ఒకటే ముసురు. మన దగ్గరలా దబదబా కురిసి వెలిసిపోయే వాన కాదు, రోజంతా సన్నగా పడుతూనే ఉంటుంది. మీటింగులన్నీ అయ్యి పాపని తీసుకొచ్చేసరికి ఆరు దాటింది, ఫ్రిజ్‌లో సొరకాయ ఉంది కానీ దాన్ని చెక్కు తీసి తరిగే ఓపిక అస్సలు లేదు. ఈయన నా మొహం చూసి "రామెన్ తెచ్చుకుందామా" అన్నారు, అంతే, జాకెట్ వేసుకుని నేనే బయల్దేరా, పది నిమిషాల నడకే కదా, చల్లగాలి తగిలితే తల కూడా తేలికవుతుందని.

చిన్న కొట్టు అది. లాండ్రీ షాపుకీ నెయిల్ సెలూన్‌కీ మధ్యలో ఉంటుంది, పట్టుమని పది టేబుళ్లు కూడా ఉండవు. తలుపు తీయగానే అద్దాలు మొత్తం ఆవిరి పట్టేసి, ఆ ఎముకల సూప్ వాసన మొహానికి కొడుతుంది. కౌంటర్ దగ్గరుండే ఆవిడకి మా ఇల్లు మొత్తం గుర్తే, ఈయన పోర్క్ తినరు కాబట్టి చికెన్ సూప్‌ది, పాపకి కారం లేకుండా, నాకేమో టోంకొట్సు, అంటే పంది ఎముకల సూప్‌ది. నా నూడుల్స్ మాత్రం 'బరీకతా' అని చెప్తా, అంటే బాగా గట్టిగా ఉండగానే తీసేయమని. టోంకొట్సులో వేసేవి జపాన్‌లో హకాతా వైపు నూడుల్స్, సన్నగా ఉంటాయి, తొందరగా మెత్తబడిపోతాయి, పైగా పార్సిల్ డబ్బాలో మూత పెట్టాక ఆ వేడికి ఇంకాస్త ఉడుకుతాయి. ఇంటికి తెచ్చుకునేటప్పుడు గట్టిగా ఉండటమే మంచిది.

వీళ్ల దగ్గర నాకు బాగా నచ్చేది పార్సిల్ కట్టే పద్ధతి. సూప్ వేరే డబ్బా, నూడుల్స్ వేరే, పైన వేసే గుడ్డు, మాంసం ముక్కలు, ఉల్లికాడలు ఇంకో దాంట్లో. నోరీ, అదే ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు, అయితే విడిగా చిన్న కవర్‌లో, తడి తగిలి మెత్తబడకుండా. కలిపి ఇస్తే దారిలోనే నూడుల్స్ సూప్ మొత్తం పీల్చేసి ఉబ్బిపోతాయి, జపాన్ వాళ్లు దాన్ని నూడుల్స్ 'సాగిపోయాయి' అంటారట. అన్నం చారులో నానిపోతే మనకి ఎలా ఉంటుందో వాళ్లకి అలాగన్నమాట.

అందుకే ఇంటికొచ్చాక పొయ్యి దగ్గర ఒక ఐదు నిమిషాల పని ఉంటుంది, ఆ ఐదు నిమిషాలు నాకు చాలా ఇష్టం. ముందు గిన్నెల్లో వేడినీళ్లు పోసి పక్కన పెడతా, లేకపోతే చల్లటి గిన్నె సూప్ వేడి లాగేసుకుంటుంది. సూప్‌ని మైక్రోవేవ్‌లో పెట్టను, సాస్‌పాన్‌లో పోసి తెర్లేదాకా కాస్తా. నూడుల్స్ ముద్ద కట్టి ఉంటాయి కాబట్టి మరిగే నీళ్లలో ఒక్క ముంచు ముంచి చాప్‌స్టిక్స్‌తో విడదీసి వెంటనే వంపేస్తా. అవి పసుపుపచ్చగా ఉన్నాయి కదా అని పాప ఎప్పుడూ గుడ్డు వేశారా అని అడుగుతుంది, పిండిలో కాన్సుయి అనే క్షారపు నీళ్లు కలపడం వల్ల వచ్చే రంగు అది, ఆ సాగే గుణం కూడా దాని వల్లే. చిన్నప్పుడు నాకు నూడుల్స్ అంటే మ్యాగీ ఒక్కటే. ఇన్‌స్టంట్ నూడుల్స్‌ని 1958లో జపాన్‌లో మొమోఫుకు ఆండో మొదలుపెట్టారనీ, ఆయన చేసింది ఈ రామెన్‌నే నూనెలో వేయించి ఎండబెట్టడమనీ చాలా పెద్దయ్యాక గానీ తెలీలేదు.

ముగ్గురం టేబుల్ దగ్గర కూర్చున్నాం, బయట వాన చప్పుడు. గుడ్డు సగానికి కోస్తే లోపల సొన జారీ జారనట్టు, సోయా సాస్‌లో నానిన తెల్లసొన లేత గోధుమరంగులో ఉంది. పాప దాని గుడ్డు తినేసి నా దాంట్లో సగం కూడా తీసేసుకుంది. నేను మొదటి నాలుగు గుక్కలు సూప్ తాగి మాట్లాడబోతే పెదాలు రెండూ అతుక్కున్నాయి.

ఆ అతుక్కోవడం నాకు తెలుసు! తొమ్మిదేళ్లప్పుడు జామచెట్టు మీద నుంచి పడి చెయ్యి విరిగితే బాపమ్మ నెల రోజులు పాయ తాగించింది. మేక కాళ్లు మంట మీద కాల్చి, గీకి, పసుపు రాసి కడిగి, రాత్రి కట్టెల పొయ్యి మీద పెడితే పొద్దున దాకా ఉడికేది. మిరియాల ఘాటు, పైన కొత్తిమీర, తాగాక పెదాలు ఇట్లాగే బంకబంకగా. "బొక్క అతకాలంటే ఇదే తాగాలె" అనేది. టోంకొట్సు కూడా అదే పని కదా, పంది ఎముకల్ని గంటల తరబడి కుతకుతా మరిగిస్తే వాటిలోని జిగురంతా నీళ్లలోకి దిగుతుంది, పెద్ద మంట మీద తెర్లడం వల్ల కొవ్వు ఆ నీళ్లలో కలిసిపోయి పాలలా తెల్లగా అవుతుంది. బాపమ్మది సన్న సెగ కాబట్టి తెల్లబడేది కాదు, జిగురు మాత్రం అదే.

ఎనిమిదికి అమ్మకి ఫోన్ చేశా, అక్కడ బుధవారం పొద్దున తొమ్మిదిన్నర.

"ఏం దిన్నవ్ బిడ్డా?"

చెప్పా. పంది బొక్కలు అనగానే కాసేపు మాట్లాడలేదు. అచ్చం బాపమ్మ పాయ లెక్కనే ఉందమ్మా అంటే అప్పుడు అందుకుంది. "ఆమె నడిజామున రెండుసార్లు లేచి కట్టెలు ఎగదోసేది. నువ్వు తాగంగ మిగిలితే గింతంత అన్నంల పోసుకొని తినేది, నువ్వు బడికి పోయినంక. నీకు తెల్వదు."

నిజంగానే తెలీదు. గిన్నెలో ఒక గ్లాసుడు సూప్ మిగిలింది, సింక్‌లో పారబోయబోయి ఆగి, స్టీలు డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టా. ఇప్పుడే వెళ్లి చూస్తే గడ్డకట్టుకుపోయింది, డబ్బా వంచినా కదలట్లేదు. పొద్దున రైస్ కుక్కర్‌లో ఒక గ్లాసు బియ్యం ఎక్కువ పెట్టాలి.