ప్రస్కోవ్య తరఫున

ఆదివారం. మోటారు పాడై ట్యాంకులోకి నీళ్ళెక్కలేదు, బట్టలుతకడం వాయిదా పడింది. దొరికిందే తీరిక అనుకుని టాల్‌స్టాయ్ 'ఇవాన్ ఇల్యీచ్ మరణం' మళ్ళీ తీశాను. 1886లో వచ్చిన చిన్న నవల. ఒక్క పూటలో అయిపోతుంది గానీ ఆ పూటంతా ఇంకో పని చేయబుద్ధి కాదు.

పోయినాయన జడ్జి. కబురు తెలియగానే తోటివాళ్ళ బుర్రల్లో ముందు మెదిలేది ఆ కుర్చీ ఎవరికి, జీతం ఎవరికెంత పెరుగుతుంది అని. దాని వెనకే, పోయింది వాడు, నేను కాదుగా అన్న ఊరట. పరామర్శకొచ్చిన తోటి ఉద్యోగి ప్యోత్ర్ ఇవానొవిచ్ కుషన్ స్టూలు మీద కూర్చుంటాడు. స్ప్రింగులు చెడిపోయి అది కూర్చుంటే గొణుగుతుంది, లేస్తే పైకి తన్నుకొస్తుంది. సరిగ్గా అప్పుడే భార్య ప్రస్కోవ్య నల్ల లేసు బల్ల చెక్కడానికి తగులుకుంటుంది. ఏడవాల్సిన ఇద్దరూ లేసుతోనూ స్టూలుతోనూ కుస్తీ పడుతుంటారు. చావింట్లో ఇది చూడగలిగిన కన్ను ఎలాంటిదో!

తర్వాత ఆవిడ అసలు సంగతికొస్తుంది: ఖజానా నుంచి ఇంకాస్త డబ్బు రాబట్టే దారేమైనా ఉందా? ఇక్కడే నాకూ టాల్‌స్టాయ్‌కీ చెడింది.

మొన్న ఎదురింటి మాస్టారి పెద్దకర్మ. పంక్తిలో అందరూ స్థలాల రేట్లు మాట్లాడుకుంటుంటే, ఆయన భార్య పిన్నిగారు నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, "అమ్మాయ్, ఫ్యామిలీ పెన్షన్‌కి ఏమేం కాయితాలు కావాలే?" అని అడిగారు. ఆ అడగడం కొంగుతో ముక్కు తుడుచుకుంటూనే. ఏ ఒక్కటీ నటన కాదు.

ప్రస్కోవ్యకి ఆ సందు ఇవ్వడు టాల్‌స్టాయ్. మొగుడు పోతే బాగుండుననుకుందట, జీతం ఆగిపోతుందని ఆ కోరికా కోరుకోలేకపోయిందట. చదివితే నవ్వొస్తుంది, తర్వాత కోపమొస్తుంది. ఇవాన్ మూడు రోజులు ఆపకుండా అరిచాడు, మూడు తలుపుల అవతలికి వినబడేలా. అది తానెలా భరించానో ఆవిడ చెప్పుకుంటే, చూడండి, ఇప్పుడూ తన గోలే అన్నట్టు రాస్తాడు. పదిహేడేళ్ళు దాటిన కాపురం. ఆ అరుపులు విన్న చెవులు ఆవిడవి కావా?

1881లో పోయిన, రష్యాలోని తూలా కోర్టు ప్రాసిక్యూటర్ ఇవాన్ మెచ్నికొవ్‌ని మనసులో పెట్టుకుని రాశాడంటారు (తర్వాత నోబెల్ అందుకున్న శాస్త్రవేత్తకి ఈయన అన్న). పోయేవాడి లోపలికి అంత లోతుగా దిగినవాడు పక్కగది గుమ్మం మాత్రం తొక్కలేదు.

గెరాసిం జోలికి మాత్రం వెళ్ళను. రోగి కాళ్ళు భుజాల మీద పెట్టుకుని రాత్రిళ్ళు కూర్చునే ఆ పనివాడు, అందరం పోయేవాళ్ళమే, ఈ కాస్త చేస్తే ఏం పోయింది అంటాడు. ఎన్నిసార్లు చదివినా అక్కడ ఆగిపోతాను.

రేపు సెలవు పెట్టాలి. పిన్నిగారితో సబ్‌ట్రెజరీకి. మరణ ధ్రువపత్రం, మాస్టారి పెన్షన్ ఆర్డరు, బ్యాంకు పుస్తకం. జిరాక్సులు రెండేసి తీయించాలి.