సముద్రంలోకి వెళ్లిపోయిన శ్రీకూర్మం

శ్రీకూర్మం గుడికని విజయనగరం నుంచి బయల్దేరి నాతవలస దగ్గర హైవే ఎక్కిన దగ్గర్నుంచి, కారులో దారి చూపే పెట్టె మమ్మల్ని పొలాల్లోనే నడిపించింది. రోడ్డు వెడల్పు చేశారు, పైవంతెనలు కట్టారు, నంబరు ఐదు నుంచి పదహారుకు మార్చారు. ఈ సంగతులేవీ దానికి తెలియవు. మేము వంతెన మీద ఉంటే తెర మీద కారు బొమ్మ ఖాళీ జాగాలో పాకుతోంది. నిమిషానికోసారి ‘వెనక్కి తిరగండి’ అని ఒకటే పోరు. దాని గొంతు నొక్కెయ్యమంది మా ఆవిడ.

తప్పు పెట్టెది కాదు. ఎప్పుడో తొమ్మిది వేలు పోసి కొన్న నావిగేషన్ పరికరం అది. దాన్ని కంప్యూటర్‌కు తగిలించి కొత్త పటాలు ఎక్కించుకోవాలన్న జ్ఞానం నాకు లేకపోయింది. ఫోను ఉండగా ఇదెందుకని అందరూ నవ్వుతారు. కిందటిసారి ఈ వైపే వచ్చినప్పుడు, సరిగ్గా దారి చీలే చోట ఫోనుకు సిగ్నల్ పోయింది. పెట్టెకు ఆ బాధ లేదు. పటమంతా దాని కడుపులోనే ఉంటుంది. 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల్లో నాలుగు అందితే చాలు, తానెక్కడుందో చెబుతుంది. కాకపోతే ఆకాశం కనబడాలి. ఇన్నాళ్లూ దాన్ని పోర్టికో కింద ఆన్ చేసి, తెమలదేమని తిట్టుకునేవాణ్ణి.

శ్రీకాకుళం చేరాక అసలు కథ మొదలైంది. శ్రీకూర్మం పేరును ఇంగ్లీషు అక్షరాల్లో మూడు రకాలుగా కొట్టాను. దొరకలేదు. సరే, అక్షాంశ రేఖాంశాలు ఇద్దామనుకున్నాను. చీటీలో 18 డిగ్రీల 16 నిమిషాలు, 84 డిగ్రీల 1 నిమిషం అని రాసి ఉంది. నేను 18.16, 84.01 అని కొట్టాను. జెండా గుర్తు వెళ్లి నీలం రంగులో పడింది. బంగాళాఖాతం!

“కూర్మావతారం కదండీ, ఈతకు వెళ్లి ఉంటాడు” అంది మా ఆవిడ.

డిగ్రీకి అరవై నిమిషాలని బడిలో చదువుకున్నదే. పదహారు నిమిషాలంటే డిగ్రీలో పదహారో వంతూ కాదు, పాయింటు పదహారూ కాదు, దాదాపు పాయింటు ఇరవై ఏడు. ఆ తేడాకే స్వామి పన్నెండు కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోయాడు. సెట్టింగుల్లో డిగ్రీలు, నిమిషాల పద్ధతికి మార్చాక బుద్ధిగా ఒడ్డుకొచ్చాడు.

అంతటితో అయిపోతే బాగుండేది. ‘దగ్గరి దారి’ అన్నది నొక్కి ఉందని నేను చూసుకోలేదు. త్వరగా వెళ్లే దారి వేరు, దగ్గరి దారి వేరు. రెండు కిలోమీటర్లు మిగులుతాయంటే అది కారును కాలువ గట్టు మీదికైనా ఎక్కిస్తుంది. ఎక్కించింది కూడా. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క తాటిచెట్లు, మధ్యలో మా కారు, ఎదురుగా సైకిలు మీద ముంజల గెలలతో ఒక తాత.

ఆయన దిగి, కత్తితో ఒక కాయ చెక్కి, వేలు పెట్టి ముంజ తీసి ముందు మా ఆవిడ చేతిలో పెట్టాడు. లేతది, పైపొర ఇంకా తెల్లగా ఉంది, కొరికితే నీళ్లు మోచేతి దాకా కారాయి. దారి తరవాత చెప్పాడు: “చెరువు దాటాక రావిచెట్టు, అక్కడ రామమందిరం, దాని వెనక నుంచి తారురోడ్డు.” హైదరాబాద్‌లో అయితే పిల్లరు నంబరు చెప్పి ఫోను పెట్టేస్తారు. అక్కడి ముంజల ధర సంగతి ఎత్తకపోవడమే మంచిది. ఈయన డజనుకు అరవై తీసుకున్నాడు.

“ఇందులో మా ఊరుందా బాబూ?” అన్నాడు పెట్టెలోకి తొంగి చూసి. లేదు. గీత కూడా లేని తెల్లటి ఖాళీ. ఉన్న చోటును దాచుకునే మీట నొక్కి, పేరు అడిగితే ‘ముంజలు’ అని కొట్టాను. ఆ మీట ఉందని అప్పటిదాకా నాకూ తెలియదు. “ఊరి పేరు రాయలేదా?” అని చిన్నబుచ్చుకున్నాడాయన.

గుడిలో రెండు ధ్వజస్తంభాలూ అలాగే ఉన్నాయి. నక్షత్ర తాబేళ్ల దగ్గర కాసేపు నిలబడ్డాను. చిన్నప్పుడు మా నాయనమ్మ బస్సులో తోటకూర కట్ట ఒళ్లో పెట్టుకుని వచ్చేది వీటి కోసమే. సాలిహుండం కొండ, కళింగపట్నం దీపస్తంభం చూశాం కానీ, ఆ ఎండలో నాకు గుర్తున్నది నీడ ఒక్కటే.

తిరుగు ప్రయాణంలో ఇంటికి ఇంకో రెండు డజన్లు కొందామంది మా ఆవిడ. దాచుకున్న గుర్తు మీద వేలు పెట్టాను. చీకటి పడింది, వీధి దీపాల్లేవు. వచ్చిన జాడంతా తెర మీద చుక్కలుగా ఉంది. రామమందిరం, రావిచెట్టు, చెరువు ఒక్కటీ తప్పకుండా తీసుకొచ్చి, “మీ గమ్యం చేరుకున్నారు. మన్‌జాలూ” అంది పెట్టె, ఎవరో దొరసాని పలికినట్టు.

లైట్ల వెలుగులో గట్టు మీద ఖాళీ తాటి డొక్కలు కనిపించాయి. వాటిని ఒక ఆవు నాకుతోంది.