తూకం మెషిన్ స్ట్రక్ట్‌ను పైథాన్‌ల చదివేసరికి తలప్రాణం తోకకొచ్చింది

పని అయిపోయింది కానీ కోపం ఇంకా చల్లారలే, అందుకే ఇప్పుడే రాస్తున్న.

మాది హన్మకొండ. ఎనుమాముల మార్కెట్ల ఒక అడ్తి సేటుకు మిర్చి లాట్ల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పైథాన్‌ల చేసిస్తున్న. ఎలక్ట్రానిక్ కాంటా కంపెనోళ్లు బరువులు చదవనీకి సీ ల రాసిన ఒక డీఎల్‌ఎల్ (విండోస్ లైబ్రరీ ఫైలు), అందుల ఏమేం ఉన్నయో చెప్పే ఒక హెడర్ ఫైలు ఇచ్చిన్రు. సీ లైబ్రరీలను పైథాన్ నుంచి పిలిచే సీటైప్స్ పైథాన్ 2.5 నుంచే లోపల ఉంది, వేరే ఏం ఇన్‌స్టాల్ చేసే పని లేదు. డీఎల్‌ఎల్ లోడ్ చేసుడు అల్కగనే అయింది. పాయింటర్ (మెమరీ అడ్రస్) తిరిగిచ్చే ఫంక్షన్‌కు రెస్‌టైప్, అంటే ఏ రకం విలువ వస్తదో, మాత్రం చెప్పాలె, చెప్పకుంటే అది మామూలు ఇంట్ అనుకుంటది, 64 బిట్ అడ్రస్ సగం కట్ అయి ప్రోగ్రామ్ కూలిపోతది.

అసలు లొల్లి బరువుల కాడ. హెడర్ల స్ట్రక్ట్ (ఒక లాట్ వివరాలు వరసగ పెట్టే రికార్డు) చిన్నదే: రకానికి ఒక క్యార్ (1 బైట్), బరువుకు ఒక డబుల్ (8 బైట్ల దశాంశ సంఖ్య), బస్తాల సంఖ్యకు ఒక ఇంట్ (4 బైట్లు). అచ్చం అట్లనే పైథాన్ క్లాస్ రాసిన. సేటు ముందట, దడువాయి (తూకం వేసేటాయన) ముందట రన్ చేస్తే మొదటి లాట్ రకం కరెక్టే వచ్చింది, బరువు మాత్రం మైనస్ గుర్తు పెట్టుకొని అరవై అంకెలు దాటింది. సేటు స్క్రీన్ చూసి "ఏం పిలగా, ఈ బస్తా ఎత్తాల్నంటే ఎంతమంది హమాలీలు కావాలె?" అన్నడు, అందరు నవ్విన్రు. కంపెనీకి స్పీకర్ల ఫోన్ పెడితే అటు సైడ్ ఉన్నాయన "మా లైబ్రరీ వందల షాపుల నడుస్తుంది బ్రదర్, పైథాన్ వాడితే ఇట్లనే ఉంటది, ముందు సీ నేర్చుకోండి" అని పెట్టేసిండు. సేటు ముందట ఆ మాట! ఫోన్ల సపోర్ట్ అని కూసునేటోళ్లకు తెలియకుంటే తెలియదు అనే మాట నేర్పియ్యాలె ముందు, సీ తర్వాత.

ఇంటికొచ్చి బరువులు మార్చి మార్చి చూసిన. కింది లాట్ల పక్కా 42 కిలోలు పెడితే పై లాట్ బరువు సున్నా చూపిస్తుంది, 42.35 పెడితే మళ్ల అరవై అంకెలు. కింది దాన్ని కదిలిస్తే పైది మారుతుందంటే నా క్లాస్ పక్క రికార్డులకు పోయి చదువుతున్నట్టే కదా. డీఎల్‌ఎల్ లాట్లన్ని నింపిచ్చిన బఫర్ బైట్లు ప్రింట్ చేసి లెక్క పెడితే 10 లాట్లకు 130 బైట్లు, అంటే ఒక్కోటి 13. నా క్లాస్ ఎన్ని బైట్లని సీటైప్స్ సైజాఫ్ అడిగితే 24 అంటది. మామూలుగ డబుల్ 8తో భాగించే అడ్రస్‌లనే మొదలు కావాలె కాబట్టి క్యార్ తర్వాత 7 బైట్లు ఖాళీ, చివర ఇంట్ తర్వాత ఇంకో 4 ఖాళీ, అట్ల 24. వీళ్లు ఖాళీలు లేకుండ ప్రాగ్మా ప్యాక్ పెట్టి కంపైల్ చేసుకొని, మనకిచ్చిన హెడర్ల ఆ లైన్ తీసేసిన్రు! ఆ హెడర్‌తో సీ ల రాసినోడికైనా గిదే గతి. క్లాస్‌ల ప్యాక్ 1 అని ఒక్క లైన్ రాస్తే 13 అయింది, బరువులు కాంటా మీద ఉన్నట్టే వచ్చినయ్.

మీరైతే క్లాస్ రాయంగనే సైజాఫ్ ప్రింట్ చేసి బఫర్ సైజుతో పోల్చుకోండ్రి, హెడర్‌ను నమ్మకండ్రి. నంపై (పైథాన్ లెక్కల లైబ్రరీ) ల రికార్డు రూపం చెప్పే డీటైప్ అయితే అడగకుంటే ఖాళీలు పెట్టదు, అలైన్ ట్రూ అంటేనే పెడతది, అంటే నేను నంపైతో మొదలు పెడితే ఈ లొల్లే ఉండకపోవు.

ఇంకొకటి, కొత్త బరువు రాంగనే పిలవనీకి డీఎల్‌ఎల్‌కు కాల్‌బ్యాక్ (మన పైథాన్ ఫంక్షన్) ఇస్తే దాన్ని ఒక వేరియబుల్‌ల పట్టుకొని ఉంచాలె, లేకుంటే పైథాన్ చెత్త అనుకొని ఊడ్చేస్తది, కాంటా పిలిచినప్పుడు క్రాష్. లైబ్రరీ ఇచ్చిన మెమరీని లైబ్రరీ ఫంక్షన్‌తోనే ఫ్రీ చెయ్యాలె, దానికి ముందే కావాల్సిన బరువులు కాపీ చేసుకోండ్రి.

ఆ ప్రాగ్మా లైన్ సంగతి బైట్ల లెక్కతో సహా కంపెనీకి మెయిల్ పెట్టిన, సేటును కూడ సీసీల పెట్టిన. జవాబు లేదు, కానీ తర్వాత పంపిన హెడర్ల ఆ లైన్ ఉంది.