మన గుమ్మడికాయకు మొహం చెక్కాలంటే, గింజలు కరకరలాడాలంటే

అక్టోబరు నెలాఖరు వస్తే హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో మొహం చెక్కి లోపల దీపం పెట్టిన హాలోవీన్ గుమ్మడికాయలు కనిపించడం ఇప్పుడు మామూలైంది. అమెరికా వీడియో చూసి మొదలుపెట్టిన చాలామంది మాత్రం మధ్యలోనే కత్తి పక్కన పడేస్తారు. అక్కడ చెక్కడానికని పెంచే కాయ వేరే జాతి. దాని గోడ పలచన, లోపలంతా డొల్ల. మన తీపి గుమ్మడి కండ ఒక్కోసారి రెండంగుళాలుంటుంది. అంత మందంలో కత్తి తిరగదు, కన్ను తెరిచినా వెలుగు బయటికి రాదు. అందుకే మన కాయతో సగం పని లోపల తోడడమే.

రైతుబజార్లో ఎక్కువగా ముక్కలే అమ్ముతారు. పొద్దున్నే మెహిదీపట్నమో, ఎర్రగడ్డో వెళ్లి కోయని నిండు కాయ అడగండి. 3 నుంచి 4 కిలోలది చాలు. తొడిమ ఎండి గట్టిగా ఉండాలి, గోరు గుచ్చితే తొక్కలో దిగకూడదు, బల్ల మీద పెడితే దొర్లకూడదు. లేత కాయైతే గింజల్లో పప్పు నిండదు. అడుగున ఎక్కడైనా మెత్తగా తగిలితే ఆ కాయ వదిలేయండి, కుళ్లు అక్కడే మొదలవుతుంది. దిష్టికి కట్టే బూడిద గుమ్మడి దీనికి వద్దు. దాని కండ తెలుపు, దీపం పెట్టినా ఆ నారింజ కాంతి రాదు.

మూత పైన కోసే అలవాటు ఉంది గానీ, అడుగున నాలుగంగుళాల గుండ్రం కోయడమే మంచిది. పైన కోసిన మూత ఎండి కుంచించుకుపోయి లోపలికి జారిపోతుంది. పైనే కావాలనుకుంటే బ్లేడు ఏటవాలుగా, మొన తొడిమ కిందికి చూసేలా పట్టుకుని కోయండి. నిండు కాయకు తొలి గాటు మగవాళ్లే పెట్టాలనే ఇళ్లలో ఆ ఒక్క గాటు వాళ్లతో పెట్టించేస్తే సరి.

పెద్ద కత్తి అసలు వద్దు. తొక్కలో ఇరుక్కుంటుంది, బలంగా లాగితే ఒక్కసారిగా ఊడొచ్చి చేయి కోస్తుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే హాక్సా బ్లేడుకు పట్టుకునే వైపు మందంగా గుడ్డ చుట్టి టేపు వేస్తే చక్కగా పనిచేస్తుంది. నొక్కకుండా పైకీ కిందికీ ఆడించాలి. పళ్లలో గుజ్జు పేరుకుంటే కోత ఆగిపోతుంది, తడిగుడ్డతో తుడుస్తూ ఉండండి.

ముందు గింజలు, పీచు తీసి గిన్నెలో వేసుకోండి. తర్వాత మొహం చెక్కే వైపు మాత్రం కొబ్బరి కోరాంతోనో గట్టి స్టీలు గరిటెతోనో గోడ అంగుళం మందానికి వచ్చేదాకా గీకండి. మందం తెలియాలంటే టూత్‌పిక్ మీద అంగుళం దగ్గర గీత పెట్టి లోపలి నుంచి గుచ్చండి. అది తొక్క దగ్గర ఆగుతుంది. గీత కండలో మునిగిందంటే ఇంకా గీకాలి. మరీ అరంగుళానికి తెస్తే నోటి దగ్గర పళ్లు వాలిపోతాయి. గీకిన కండ పారేయకండి, అదే పూట దప్పళంలో వేసేయండి.

బొమ్మ కాగితం మీద గీసి, కాయకు అంటించి, గీత వెంబడి గుండుసూదితో చుక్కలు గుచ్చండి. ఆ చుక్కల వెంబడి కోసేటప్పుడు కళ్లు, ముక్కు లాంటి చిన్నవి ముందు, నోరు చివర. నోరు తెరిచాక కాయ బలం తగ్గిపోతుంది.

మన వేడికి, తేమకు చెక్కిన కాయ రెండు మూడు రోజులే. కోసిన అంచులకు వాజిలీన్ రాస్తే ఎండి ముడుచుకోవడం ఆలస్యమవుతుంది. లోపల బ్యాటరీ దీపం పెట్టండి. కొవ్వొత్తి వేడికి కండ ఉడికి తొందరగా కూలుతుంది. బూజు కనబడితే కాయను వెంటనే పారేయాలి.

ఇక గింజలు. గిన్నెలో నీళ్లు పోసి చేత్తో నలిపితే గింజలు తేలతాయి, పీచు చాలావరకు విడిపోతుంది. కప్పు గింజలకు మూడు కప్పుల నీళ్లు, టేబుల్‌స్పూన్ ఉప్పు వేసి పది నిమిషాలు ఉడికించండి. ఈ పని చాలామంది మానేస్తారు, అందుకే ఉప్పు పైపైనే ఉండిపోతుంది, తొక్క పీచులా నములుడు పడుతుంది. వడగట్టి నూలుగుడ్డ మీద పరవండి. కాగితం మీదైతే అంటుకుపోతాయి. వేళ్లతో కదిపితే గలగలమనేదాకా ఫ్యాను కిందో ఎండలోనో ఆరాలి. తడి మిగిలితే పైన మాడుతాయి, లోపల మెత్తగానే ఉంటాయి.

టీస్పూన్ నూనె పట్టించి, మందపాటి మూకుడులో సన్నసెగ మీద పావుగంట కలుపుతూ వేయించండి. టపటపమని పేలడం తగ్గి, కమ్మటి వాసన వచ్చి, అంచులు లేత గోధుమరంగుకు తిరిగితే దించేయాలి. మూకుడు వేడికే ఇంకొంచెం వేగుతాయి కాబట్టి వెంటనే పళ్లెంలోకి మార్చండి. ఒవెన్ ఉంటే 160 డిగ్రీల సెంటీగ్రేడ్‌లో ఇరవై నిమిషాలు, మధ్యలో ఒకసారి కలిపితే చాలు. కారం, జీలకర్ర పొడి దించాకే చల్లాలి, ముందే వేస్తే మాడి చేదెక్కుతాయి. పూర్తిగా చల్లారాక గాలి చొరని సీసాలో పోసి వారం పదిరోజుల్లో తినేయండి. గింజల్లో నూనె ఎక్కువ, తర్వాత ముక్కిపోయిన వాసన వస్తుంది.