ఒక్క రూపాయి కట్టి చూసిన ఎన్నికల పద్దు

మాది ఒడిశా సరిహద్దు. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో మా తెలుగువాళ్ళం ఊళ్ళకి ఊళ్ళే ఉన్నాం. అందులో నాది ఏ జిల్లానో, ఏ నియోజకవర్గమో రాయను. రాస్తే ఎవరి గురించో ఇట్టే తెలిసిపోతుంది. నేనింకా ఈ ఊళ్ళోనే బతకాలి.

నాది టెంట్ హౌస్. మా నాన్న నలభై ఇనుప కుర్చీలతో మొదలెట్టారు. ఇప్పుడు 1,500 ప్లాస్టిక్ కుర్చీలు, షామియానాలు, వంట గుండిగలు, మైకు సెట్టు, జనరేటర్ ఉన్నాయి. ప్రతి కుర్చీ వీపు మీద ఎర్ర రంగుతో మా ఇంటిపేరు మొదటి అక్షరం ఉంటుంది. ఏ రోజు ఎవరికి ఎన్ని వెళ్ళాయి, ఎన్ని తిరిగొచ్చాయి, ఎన్ని విరిగాయి అన్నది పొడుగు చిట్టాలో రాస్తాను. నాన్న నేర్పిన అలవాటు. ఒక్క రోజూ తప్పలేదు.

2024 ఎన్నికలు మాకు పెళ్ళిళ్ళ సీజను కంటే పెద్దవి. మే 13న మాకూ ఆంధ్రాకీ ఒకే రోజు పోలింగు. రెండు వైపులా ఎమ్మెల్యే ఓటు, ఎంపీ ఓటు కలిసే పడ్డాయి. ఇటు మా వాళ్ళు, అటు పాతపట్నం, ఇచ్ఛాపురం వాళ్ళు, అందరికీ ఒకేసారి కుర్చీలు కావాలి. అద్దె రెట్టింపు చెప్పినా ఎవరూ బేరమాడలేదు. రెండు రాష్ట్రాలూ మావేనని తగవులాడుకునే కోరాపుట్ వైపు కొఠియా గ్రామాల్లోనైతే రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ దగ్గర పెట్టుకున్న గిరిజనులున్నారు. వాళ్ళ గుమ్మం ముందుకి రెండు వైపుల పార్టీలూ వస్తాయి. రోడ్డు మాత్రం ఎవరు వేయాలో తేలదు.

మా దగ్గర ఒక అభ్యర్థి మనుషులు మొత్తం 11 రోజులు సామాను పట్టుకెళ్ళారు. పోలింగు అయిన మూడో రోజు ఆయన లెక్కలు చూసే కుర్రాడు వచ్చాడు. 34,500 రూపాయలకి చెక్కు ఇచ్చాడు, మిగతా లక్షా యాభై రెండు వేలు నోట్ల కట్టలుగా లెక్కపెట్టాడు.

"మావా, బిల్లు బుక్కులోంచి ఒక కాయితం ఖాళీగా చింపీసి, కింద సంతకం పెట్టి ఇచ్చీ. పైన మేం రాసుకుంటాం."

ఇచ్చాను. అప్పటికి డబ్బు పూర్తిగా చేతికొచ్చిందన్న సంతోషం తప్ప ఇంకేదీ మనసులో లేదు. ఆయన గెలిచాడు.

ఆగస్టులో మా వీధి చివర ఉండే పిన్నికి ఆవాస్ పథకంలో సర్కారీ ఇల్లు మంజూరైంది. భర్త లేడు, కూలికి పోతుంది. కిస్తీ పడాలంటే ముందు కొంత ఇవ్వాలని ఒకడు చుట్టూ తిరుగుతున్నాడు. మా ఒడిశాలో దీన్ని పీసీ అంటారు, అంటే పర్సంటేజీ. రోడ్డుకి పీసీ, కల్వర్టుకి పీసీ, ఇంటికి పీసీ. పిన్ని ఏడుస్తూ మా కొట్టుకొచ్చింది. నేను వాణ్ణి పిలిచి గట్టిగా అడిగాను. వాడు ఏమాత్రం జంకలేదు.

"ఎలచ్చన్లకి కోట్లు పెట్టారు మావా. ఎక్కణ్ణుంచి రావాలి మరి? నీ కుర్చీల డబ్బు మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఆ రాత్రి అన్నం సయించలేదు. పిన్ని ఇంటి గోడలోంచి తీసే డబ్బుకీ నా గల్లా పెట్టెకీ మధ్య ఒక దారి ఉంది. ఆ దారిలో నేనూ నిలబడి ఉన్నాను.

మర్నాడు మాకు తెలిసిన వకీలుగారి దగ్గరకి వెళ్ళాను. ఆయన చెప్పేదాకా నాకు తెలియని సంగతులు ఇవి. ఎమ్మెల్యే అభ్యర్థి పెద్ద రాష్ట్రాల్లో 40 లక్షలు, ఎంపీ అభ్యర్థి 95 లక్షలు దాటి ఖర్చు పెట్టకూడదు. 2022 నుంచి పరిమితి ఇది. నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం వచ్చిన రోజు దాకా ప్రతి పైసా రాయాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఆ పద్దు జిల్లా ఎన్నికల అధికారికి, అంటే కలెక్టరుకి అప్పజెప్పాలి. పద్దుతోపాటు ఇదంతా నిజమని ప్రమాణ పత్రమూ ఇవ్వాలి. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది, 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 88వ నియమం. ఒక్క రూపాయి ఫీజు కడితే ఆ పద్దు ఎవరైనా చూడొచ్చు. ఓటరై ఉండాలనో, పార్టీ మనిషై ఉండాలనో లేదు. నకలు కావాలంటే వేరే ఫీజు.

దరఖాస్తు మా అమ్మాయి ఒడియాలో రాసింది. నేను ఒడియా మాట్లాడతాను గానీ రాతలో తప్పులు పోతాయి. 88వ నియమం అని కింద గీత గీసి రాయించాను.

మొదటిసారి వెళ్ళినప్పుడు బడబాబు (హెడ్‌క్లర్కుని మేం అలాగే అంటాం) కాగితం రెండుసార్లు చదివి, "మీరు ఏ పార్టీ?" అన్నారు. ఏ పార్టీ కాదన్నాను. "మరి మీకెందుకు?" అన్నారు. సాహెబు మీటింగులో ఉన్నారు, సోమవారం రండి. సోమవారం ఆయన సెలవు. మూడోసారి వకీలుగారి సలహా మీద దరఖాస్తు రెండో ప్రతి పట్టుకెళ్ళి, దాని మీద ముద్ర, తేదీ వేయమని అడిగాను. ముద్ర పడేసరికి మాట తీరు మారింది. ఆయన్ని తప్పుపట్టను. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక మామూలు మనిషి వచ్చి ఈ పద్దు అడగడం చూడలేదని ఆయనే అన్నారు. నాలుగోసారి వెళ్ళినప్పుడు రూపాయి తీసుకుని రసీదు ఇచ్చారు. బల్ల వేసి, ఫ్యాను కింద కూర్చోబెట్టి, కట్ట తెచ్చి ముందు పెట్టారు.

పద్దులో మూడు రంగుల కాగితాలుంటాయి. తెల్లవి రోజువారీ ఖర్చులు, గులాబీవి నగదు, పసుపువి బ్యాంకు. వెనక ఓచర్లు కుట్టి ఉంటాయి. నేను తెల్ల కాగితాల మీద వేలు పెట్టుకుని ఒక్కో తేదీ చూసుకుంటూ పోయాను. పక్కన నా చిట్టా తెరిచి పెట్టుకున్నాను.

ఏప్రిల్ 24, నామినేషన్ ఊరేగింపు. నా చిట్టాలో ఉంది, పద్దులోనూ ఉంది. మే 8, పెద్ద సభ. కుర్చీల సంఖ్యతో సహా దాదాపు సరిగ్గానే ఉంది. ఆ రెండు రోజులూ ఎన్నికల సంఘం వీడియో బృందం వచ్చిందని నాకు గుర్తుంది. వాళ్ళు తీసిన దాన్నిబట్టి అధికారులు విడిగా ఒక రిజిస్టరు రాసుకుంటారు, అభ్యర్థి పద్దు దాంతో సరిపోవాలి. అందుకని ఆ రెండు రోజులూ సరిపోయాయి.

ఏప్రిల్ 29. నా చిట్టాలో: కుర్చీలు 400, షామియానాలు 6, గుండిగలు 8, డేగిసాలు 5, కార్పెట్లు 10. చివర నా రాతలోనే, "గుండిగ ఒకటి అడుగు మాడింది." ఎనిమిది గుండిగలంటే రెండు వేలమందికి వేట మాంసంతో భోజనం. పద్దులో ఆ తేదీ ఎదురుగా ఆటో మైకు ప్రచారం, టీ, మంచినీళ్ళ పాకెట్లు ఉన్నాయి. కుర్చీ లేదు. షామియానా లేదు. వంట లేదు. అలా తొమ్మిది రోజులు. మా ఊరి తోటలో, పక్క ఊరి బడి మైదానంలో, నది ఒడ్డున నేను స్వయంగా కర్రలు పాతించిన పందిళ్ళు తొమ్మిది ఆ పద్దు ప్రకారం అసలు వేయలేదు.

ఓచర్లు తిప్పుతుంటే మా బిల్లు కనిపించింది. పైన మా టెంట్ హౌస్ పేరు, మా నాన్న ఫోటో బ్లాకు. మధ్యలో ఎవరిదో గుండ్రటి రాత, రెండు రోజులకి 34,500. కింద నా సంతకం. చెక్కు ఎందుకిచ్చారో అప్పుడు అర్థమైంది. ఒకరికి 10,000 దాటి చెల్లిస్తే బ్యాంకు ద్వారానే చెల్లించాలి. చెక్కు పద్దులోకి వెళ్ళింది, నోట్ల కట్టలు నా గల్లాలోకి వచ్చాయి. మొత్తం ఖర్చు 40 లక్షల్లో సగానికి కూడా రాలేదు. చివరి కాగితం ప్రమాణ పత్రం: ఇందులో ఏదీ దాచలేదు అని. ఎమ్మెల్యేగా ప్రమాణం ఆ తర్వాతి సంగతి. మా నాన్న పేరున్న కాగితం పట్టుకుని అతను ఆడిన అబద్ధం మాత్రం నా ముందే ఉంది.

ఆ ఏడాది ఫిబ్రవరి 15న, పేరు బయటపడకుండా పార్టీలకి విరాళమిచ్చే ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు మా టీకొట్టు దగ్గర వారం రోజులు అదే మాట. ఎవరు ఏ పార్టీకి ఎంతిచ్చారో బయటపడిందని సంబరపడ్డాం. అది పైస్థాయిలో తిరిగే డబ్బు. పార్టీ తన పేరున పెట్టే ఖర్చుకి పరిమితే లేదు, పెద్ద నాయకుల ప్రయాణాలూ అభ్యర్థి లెక్కలోకి రావు. కింద మా ఊళ్ళల్లో పారే డబ్బుకి బాండూ లేదు, రసీదూ లేదు. దానికి సాక్ష్యం నాలాంటి వాళ్ళ చిట్టాలే. టెంట్ హౌసు, వంటమేస్త్రి, జీపు డ్రైవరు, ఫ్లెక్సీ ప్రింటరు. అందరికీ నిజం తెలుసు. అందరం ఖాళీ బిల్లులిచ్చాం.

నేను ఆగస్టులో కదిలాను కాబట్టి ఒక తలుపు అప్పటికే మూసుకుపోయింది. హైకోర్టులో ఎన్నికల పిటిషను ఫలితం వచ్చిన 45 రోజుల్లో వేయాలి. ఎన్నికల సంఘం దారి మాత్రం ఉందన్నారు వకీలుగారు. పద్దు గడువులోగా ఇస్తే సరిపోదు, అది నిజమో కాదో చూసే అధికారమూ సంఘానికి ఉందని 2014 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న నాందేడ్ జిల్లా భోకర్ నియోజకవర్గం కేసు అది. అంతకు ముందే 2011లో ఉత్తరప్రదేశ్‌లో బిసౌలి ఎమ్మెల్యే పత్రికల్లో వేయించుకున్న ప్రచారం ఖర్చు దాచినందుకు మూడేళ్ళు అనర్హత వేశారు.

"కానీ బాబూ, ఖాళీ బిల్లు మీద సంతకం పెట్టానని నువ్వే రాసిస్తున్నావు. నీ మీదకీ రావచ్చు," అన్నారాయన.

ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు మా ఆవిడ ట్రంకు పెట్టెలోంచి చిట్టా తీసి నా ముందు పెట్టి, "మీ మావగారు బతికుంటే ఏటి చేసేవోరో అదే చెయ్యండి," అంది. ఆవిడ మాట తడబడింది, మావగారంటే మా నాన్న.

ఫిర్యాదులో తొమ్మిది తేదీలు, ఒక్కోదాని ఎదురుగా సామాను, చిట్టా పేజీల నకళ్ళు పెట్టాను. లక్షా యాభై రెండు వేలు నగదుగా పుచ్చుకున్నానని, ఖాళీ బిల్లు నేనే ఇచ్చానని కూడా రాశాను. ఒక ప్రతి జిల్లా ఎన్నికల అధికారికి, ఒకటి ఢిల్లీకి రిజిస్టర్డ్ పోస్టులో. నెలన్నర తర్వాత పిలిచి వాంగ్మూలం తీసుకున్నారు. అసలు చిట్టా చూపించమన్నారు. మాడిన గుండిగ దగ్గర ఆ అధికారి ఆగి, ఆ గుండిగ ఇంకా ఉందా అని అడిగారు. ఉందన్నాను.

ఆ వారంలోనే లెక్కల కుర్రాడు కొట్టుకొచ్చాడు. "మావా, ఆ బిల్లు మీద సంతకం నీదే కదా. నువ్వూ ఇరుక్కుంతావు," అన్నాడు.

"నాదే. అదే రాసిచ్చాను," అన్నాను.

వాడు కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి ఆ పార్టీ పనులేవీ నాకు రావడం లేదు. పిన్ని ఇంటి మొదటి కిస్తీ ఏమీ ఇవ్వకుండానే పడింది. నా ఫిర్యాదు వల్లో కాదో చెప్పలేను. పునాది రాయి వేసిన రోజు షామియానా నేనే వేశాను. బిల్లు రాసి, కుర్చీలు 20 అని వేసి, డబ్బు దగ్గర సున్నా చుట్టి ఆవిడ చేతికిచ్చాను.