రికార్డులో రాయని సగం లెక్క

మన ఫిజిక్స్ రికార్డుల్లో ఆసిలేటర్ అంటే ‘ఒకటి బై రెండు పై రూట్ ఎల్‌సి’ రాసి కింద గీత కొట్టేయడమే. ఆ సూత్రం డోలనం ఎంత పౌనఃపున్యంతో జరుగుతుందో చెబుతుంది. అసలు మొదలవుతుందా అన్నది చెప్పదు. ఒకే ఎఫ్‌ఈటీతో (వోల్టేజితో కరెంటుని అదుపు చేసే ట్రాన్సిస్టర్) కట్టే రీజనరేటివ్ రిసీవర్‌లో, అంటే పెరిగిన సిగ్నల్‌లో కొంత మళ్లీ లోపలికే పంపి బలం పెంచే రేడియోలో, తేలాల్సింది ఆ రెండో సంగతే.

ఎఫ్‌ఈటీ గేటు (ఇన్‌పుట్) వైపు ట్యూనింగ్ కాయిల్ ఎల్, దాని నిరోధం ఆర్, స్టేషన్ మార్చే గ్యాంగ్ కండెన్సర్ సి. డ్రెయిన్ (అవుట్‌పుట్) వైపు టిక్లర్ కాయిల్, అంటే సిగ్నల్‌ని వెనక్కి పంపే చిన్న చుట్ట. రెండు కాయిళ్ల మధ్య అన్యోన్య ప్రేరకత్వం ఎం, ఎఫ్‌ఈటీ అన్యోన్య వాహకత (గేటు వోల్టేజి మారితే డ్రెయిన్ కరెంటు ఎంత మారుతుందో చెప్పేది) జీఎం. కిర్చాఫ్ నియమంతో గేటు వోల్టేజికి అవకలన సమీకరణం రాస్తే మొదటి అవకలజం ముందు ‘ఆర్‌సి మైనస్ జీఎం ఇంటూ ఎం’ వస్తుంది. అది ధనమైతే డోలనాలు చచ్చిపోతాయి, రుణమైతే పెరుగుతాయి. దాన్ని సున్నాకి పిసరంత ఇవతల, ధనం వైపే నిలపడం రియాక్షన్ నాబ్ (వెనక్కి పంపే సిగ్నల్‌ని పెంచి తగ్గించే నాబ్) పని.

ఎల్ 200 మైక్రోహెన్రీలైతే 1000 కిలోహెర్ట్జ్‌కి సి సుమారు 127 పికోఫారడ్లు. క్యూ (కాయిల్ నాణ్యతా గుణకం) 100 అనుకుంటే ఆర్ 12.6 ఓమ్‌లు. జీఎం 2 మిల్లీసీమెన్స్ ఉంటే ఎం 0.8 మైక్రోహెన్రీ దాటితే చాలు. అయితే ఆర్‌సి అంటే క్యూ, కోణీయ పౌనఃపున్యాల లబ్ధానికి విలోమమే. కాబట్టి క్యూ మారకపోయినా 1600 కిలోహెర్ట్జ్ దగ్గర 0.5 మైక్రోహెన్రీ సరిపోయే ఎం 530 దగ్గర 1.5 కావాలి. డయల్ పైకొసన ఈల వేసే సెట్టు కిందికొసన మూగబోయేది ఇందుకే. ఎఫ్‌ఈటీని అనుమానించి మార్చడం దండగ. ప్రధాన కాయిల్ చుట్లలో పదో వంతు టిక్లర్‌కి చుట్టి, సంయుగ్మ గుణకం 0.1 ఉండేలా ఎడంగా పెడితే ఎం దాదాపు 2 వస్తుంది. మిగులు సంగతి నాబ్ చూసుకుంటుంది. నాబ్ పెంచినకొద్దీ ధ్వని తగ్గుతుంటే ఎం గుర్తు తలకిందులైనట్టే. టిక్లర్ కొసలు అటూ ఇటూ మార్చాలి.

మొదలైన డోలనం ఎక్కడ ఆగుతుంది? సరళ సమీకరణాన్ని అడిగితే అనంతం అంటుంది! నిజానికి కంపన పరిమితి పెరిగేకొద్దీ సగటు జీఎం పడిపోయి, ఆర్‌సి బై ఎం‌తో సమానమైన చోట స్థిరపడుతుంది. బయాస్ (గేటుకి ఉండే స్థిర వోల్టేజి) కటాఫ్ వంపు దగ్గర, అంటే కరెంటు ఆగిపోబోయే చోట ఉంటే మాత్రం జీఎం ముందు పెరిగి తర్వాత తగ్గుతుంది. అప్పుడు డోలనం ‘టప్’మని అంటుకుంటుంది, ఆపాలంటే నాబ్‌ని మొదలైన చోటు దాటి ఇంకా వెనక్కి తిప్పాలి. ట్రయోడ్ వాల్వ్‌లో ఈ హిస్టెరిసిస్‌ని (మొదలయ్యే చోటు, ఆగే చోటు వేరవడాన్ని) భౌతిక శాస్త్రవేత్తలు ఆపిల్‌టన్, వాన్ డెర్ పోల్ 1922లోనే విశ్లేషించారు. బలహీనమైన స్టేషన్లు జారిపోయేది ఈ సందులోనే. సోర్స్ రెసిస్టర్ విలువ తగ్గించి ఆ వంపు నుంచి దూరం జరిగితే సందు మూసుకుపోతుంది.