హాల్లో బ్లూస్: నాలుగో నెల

బ్లూస్ (అమెరికా నల్లజాతివారి పాత పాటల సంప్రదాయం) వినడానికి మా హాల్లో ఒక స్టీరియో సెట్ పెట్టుకున్నాను, ఇది నాలుగో నెల. ఆ స్పీకర్ల సంగతి ఎంతవరకు వచ్చిందని ఇద్దరు ముగ్గురు అడిగారు కాబట్టి రాస్తున్నా. సెట్ అదే, అందులో కొత్తగా ఏం కొనలేదు. ఐదున్నర అంగుళాల వూఫర్ (కింది స్వరాలు పలికే భాగం) ఉన్న సెకండ్‌హ్యాండ్ బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జత, ఛానెల్‌కి 50 వాట్ల ఆంప్లిఫయర్, ల్యాప్‌టాప్‌కీ దానికీ మధ్య, డిజిటల్ పాటని ఆంప్లిఫయర్ అందుకునే సిగ్నల్‌గా మార్చే డాక్ అనే చిన్న డబ్బా. అన్నీ కలిపి 31 వేలు. మారిందల్లా హాలు సర్దిన తీరు, నేను వినే పాటలు.

ముందు నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. చికాగో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ 'ఫోక్ సింగర్' ఆల్బమ్‌ని స్టీరియోల వాళ్ళందరూ నెత్తిన పెట్టుకుంటారు కదా, మొదటి మూడు వారాలు అదే పెట్టి పెట్టి, ఇంతేనా, దీనికా ఇంత పేరు అనుకున్నా. గొంతు ఎటునుంచి వస్తోందో తెలీదు, బేస్ (కింది స్వరాల మోత) అయితే అసలు లేనే లేదు. ఆంప్లిఫయర్ పాడైనది అంటగట్టారేమోనని అమ్మినాయన మీద కోపం కూడా వచ్చింది. ఒక ఆదివారం ఇంకో బ్లూస్ గాయకుడు హౌలిన్ వుల్ఫ్ 'మోనిన్ ఇన్ ద మూన్‌లైట్' పెడితే అసలు దొంగ దొరికాడు. అది 1959లో వచ్చిన ఆల్బమ్, ఆ దశాబ్దంలో ఆయన చేసిన పాటల్లో కొన్నిటిని ఒకచోట చేర్చింది, మొత్తం మోనో. అంటే రెండు స్పీకర్లకీ ఒకటే సిగ్నల్ వెళ్తుంది, సరిగ్గా మధ్యలో కూర్చుంటే గొంతు ఎదురుగా నడిమధ్యన నిలబడాలి. ఆరడుగులు దాటిన అంత భారీ మనిషి, కంకర నమిలినట్టుండే ఆ గొంతు, మా హాల్లో పిండి చల్లినట్టు చెల్లాచెదురుగా ఉంది. వెనక్కి వెళ్ళి చూస్తే కుడి స్పీకర్ వెనకున్న ఎరుపు, నలుపు మరల్లో వైరు తిరగేసి బిగించాను! ఒక స్పీకర్ కోను (ఊగే పొర) ముందుకొస్తుంటే రెండోదాని కోను వెనక్కి పోతుంది, ఒకదాని బేస్ ఇంకోదాని బేస్‌ని కొట్టేస్తుంది. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న వైరు, రెండు పాయలూ ఒకే రంగు, గుర్తు పెట్టుకోలేదు. ఇప్పుడు మా ఆవిడ గోళ్ళరంగుతో రెండు చివరలా చుక్క పెట్టాను. మీరూ ఏ కొత్త సెట్ బిగించినా ముందు ఒక మోనో పాట పెట్టి గొంతు నడుమ ఉందో లేదో చూడండి, ఆ తర్వాతే అమ్మినవాణ్ణి తిట్టండి.

వైరు సరిచేసి మళ్ళీ 'ఫోక్ సింగర్' పెట్టాను. ఆ రాత్రి సంగతి వేరు.

అది 1963 సెప్టెంబర్‌లో చికాగోలో రికార్డయింది, మరుసటేడు చెస్ అనే రికార్డు కంపెనీ వాళ్ళు విడుదల చేశారు. మడ్డీ అప్పటికే ఎలక్ట్రిక్ గిటార్ బ్యాండుతో చికాగోని ఏలుతున్నవాడు. ఆ రోజుల్లో అమెరికా కుర్రకారుకి ఫోక్ (జానపద) పాటల పిచ్చి పట్టిందని ఆయన్ని మామూలు గిటార్‌తో కూర్చోబెట్టారు. పక్కన ఇంకో గిటార్ బడ్డీ గై, అప్పటికి 27 ఏళ్ళవాడు. నిలువు బేస్ విల్లీ డిక్సన్, డ్రమ్స్ క్లిఫ్టన్ జేమ్స్. అంతే, ఇంకెవరూ లేరు. అందుకే గదిలో మనుషుల మధ్య ఖాళీ వినిపిస్తుంది, తీగ మీటాక ఆ మోత గోడ దాకా వెళ్ళి చల్లారేది కూడా. మడ్డీ గొణుగుతున్నంత మెల్లగా పాడుతూ పాడుతూ ఉన్నట్టుండి గొంతెత్తుతాడు, మొదటిసారి సౌండ్ పెంచి కూర్చుని ఉలిక్కిపడ్డాను. చివరి పాట 'ఫీల్ లైక్ గోయింగ్ హోమ్' ఒక్కడే, వేలికి స్లైడ్ (తీగల మీద జార్చే గొట్టం) వేసుకుని వాయిస్తూ పాడతాడు. అసలు ఎల్పీలో తొమ్మిది పాటలే. కొన్ని ఎడిషన్లలో ఆ తర్వాత అదనంగా అతికించిన పాటలుంటాయి, వాటి శబ్దం వేరేగా ఉంటుంది, తొమ్మిదో పాటకి ఆపేయండి.

ఇక హాలు. 14 అడుగుల పొడవు, 11 వెడల్పు. స్పీకర్లు ఇంతకుముందు టీవీ బల్ల రెండు చివర్లలో, గోడకి నాలుగంగుళాల దూరంలో, ఒకటైతే పూర్తిగా మూలకి. వైరు బాగుచేశాక బేస్ వచ్చింది గానీ మరీ ఎక్కువ వచ్చింది, డిక్సన్ కింది స్వరాలకి దిగితే డ్రమ్ములో తేనెటీగలు దూరినట్టు ఒకటే గుమ్మనడం. నిలువు బేస్ అడుగు తీగ సుమారు 41 హెర్ట్జ్ (సెకనుకి అన్నిసార్లు కంపిస్తుందని), 14 అడుగుల గది తన పొడవు వల్ల తానే మోగేది సుమారు 40, వెడల్పు వల్ల 50 చిల్లర, అంటే ఆ తీగ మోగితే గదీ దానితో మోగుతుంది. మూల దాన్ని ఇంకా ఎగదోస్తుంది. బల్ల మీంచి దింపి, వెల్డింగ్ షాపులో రెండడుగుల ఇనుప స్టాండ్లు చేయించి లోపల ఇసుక పోశాను (జతకి 2,600), గోడకి రెండడుగులు ముందుకు, ఒకదానికొకటి ఆరడుగుల దూరం, నేను ఏడడుగుల దూరంలో. ట్వీటర్ (సన్న శబ్దాలు పలికే భాగం) చెవి ఎత్తుకి వచ్చింది. ఎదురు గోడకి అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంత వేలాడదీశాం. చూడ్డానికి కాస్త వింతగానే ఉంది, చుట్టాలొస్తే తీసేస్తాం. ఆ బొంత చేసిన మేలు ఏ కేబులూ చేయలేదు.

మూల అంటే పాతకాలపు బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ గుర్తొస్తాడు. 1936లో సాన్ ఆంటోనియో హోటల్ గదిలో, మరుసటేడు డాలస్‌లో, ఆయన పాడినవి మొత్తం 29 పాటలు. 1938లో 27 ఏళ్ళకే పోయాడు. గోడ వైపు తిరిగి కూర్చుని పాడాడని ఆ రికార్డింగ్ చేయించిన డాన్ లా చెప్పాడు. సిగ్గు వల్ల అని లా అనుకున్నాడు, కాదు, మూల నుంచి శబ్దం నిండుగా తిరిగొస్తుందని అలా కూర్చుని ఉంటాడని గిటారిస్ట్ రై కూడర్ అంటాడు. నాకు రెండోదే నచ్చింది. నన్ను ఏడిపించిన మూలే ఆయనకి పనికొచ్చిందన్నమాట.

ఇలాంటి 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 సార్లు తిరిగే) కాలపు రికార్డులు స్టీరియోలో కష్టం అనేవాళ్ళతో నేను ఒప్పుకోను, కాకపోతే పద్ధతి వేరు. ట్రెబుల్ (సన్న శబ్దాలు) రెండు గీతలు తగ్గించి, సౌండ్ ఇద్దరు మాట్లాడుకునేంత పెట్టి, ఒక పది నిమిషాలు ఓపిక పట్టండి. ఆ చిటపట మనకి వినిపించడం మానేస్తుంది. గీత శబ్దాలన్నీ తుడిచేశామని చెప్పుకునే కాపీల జోలికి మాత్రం పోకండి, గీతతో పాటు గొంతు కూడా పోతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి బి.బి. కింగ్ 'లైవ్ ఎట్ ద రీగల్'. 1964 నవంబర్ 21న చికాగో రీగల్ థియేటర్లో. ఆయన ఒక మాట పాడతాడు, గిటార్ ఒక మాట అంటుంది, జనం కేకలేస్తారు, మన బుర్రకథలో వంతలు అందుకున్నట్టే. శబ్దం గొప్ప శుభ్రంగా ఏం ఉండదు, ఎవరిక్కావాలి! జూనియర్ వెల్స్ 'హూడూ మ్యాన్ బ్లూస్' (1965) కూడా తప్పకుండా. అందులోనూ బడ్డీ గైయే. మధ్యలో ఆయన ఆంప్లిఫయర్ మొరాయిస్తే ఆర్గాన్‌కి వాడే, లోపల తిరుగుతూ శబ్దాన్ని ఊపే లెస్లీ స్పీకర్‌లోంచి గిటార్ వాయించారు, ఆ పాటల్లో గిటార్ నీళ్ళలో ఊగినట్టు ఉంటుంది, మీ స్పీకర్ తప్పు కాదు.

పోయిన వారం నాన్న ఊరి నుంచి వచ్చారు. ఆయనకి ఇంగ్లీషు పాటలంటే గోల. నేను ఏం చెప్పకుండా బ్లైండ్ విల్లీ జాన్సన్ 'డార్క్ వాజ్ ద నైట్' పెట్టాను, 1927 నాటిది. మాటలుండవు, స్లైడ్ గిటార్, దానితో పాటు ఒక మూలుగు. నాన్న పేపర్ మడిచి, "తత్వంలా ఉందిరా, ఎవరతను?" అన్నారు. ఆ పాట 1977లో వాయేజర్ నౌకల్లో బంగారు రికార్డు మీద అంతరిక్షంలోకి వెళ్ళిందని చెబితే నమ్మలేదు. తర్వాత విశ్వమోహన్ భట్, రై కూడర్ కలిసి వాయించిన 'ఎ మీటింగ్ బై ద రివర్' (1993) పెట్టాను. అచ్చంగా బ్లూస్ కాదు గానీ భట్ మోహన వీణ (గిటార్‌ని మార్చి చేసిన వాద్యం) జారుడు, కూడర్ స్లైడు పక్కపక్కన వింటే రెండూ ఒక ఇంటివే అనిపిస్తుంది. నాన్న అది రెండుసార్లు పెట్టించుకున్నారు.

ఒక్క సమస్య మిగిలింది. జాన్ లీ హుకర్ 'బూగీ చిలెన్' (1948)లో గిటార్, గొంతు, నేల మీద కాలి దెబ్బ, అంతే. ఆ కాలి దెబ్బ గుండెకి తగలాలని సౌండ్ పెంచాను. మరునాడు లిఫ్టులో కింది ఫ్లోర్ ఆంటీ, "రాత్రి పదింటికి ఆ రోకటి పోట్లేంటి నాయనా, పిండి కొడుతున్నారా?" అని అడిగారు. స్టాండ్ల కింద పాత లారీ ట్యూబు ముక్కలు వేశాను, హుకర్‌ని ఎనిమిదిన్నర లోపే వింటున్నాను. ఆంటీ ఇంకా ఏమీ అనలేదు.